చూడక్కర్లేదు

మా ఊరి పేరు చెప్పినప్పుడల్లా చిన్న గందరగోళం తప్పదు. "మీదే ఊరు?" "యాడికి." "ఎక్కడికీ కాదండీ, ఊరేదని అడుగుతున్నా." సీమలో యాడికి అంటే ఎక్కడికి అని అర్థం. అనంతపురం జిల్లాలో, తాడిపత్రి దగ్గర, ఆ పేరుతో ఒక ఊరూ ఒక మండలమూ ఉన్నాయని మ్యాపు తెరిచి చూపిస్తే గానీ చాలామంది నమ్మరు.

నెట్‌వర్కులతో కుస్తీ పట్టడం మొదలయ్యాక ఈ జోకు నాకు ఇంకా నచ్చింది. ప్రతి ప్యాకెట్ నుదుటి మీదా రాసి ఉండేది ఆ ప్రశ్నకి జవాబే కదా: యాడికి? కాకపోతే ప్యాకెట్ చేరాక అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. పంపినది పంపినట్టే వచ్చిందా? ఆ సంగతి ఎవరు చూశారు? ఈ రెండో ప్రశ్న నన్ను ఒక శనివారం రాత్రంతా నిద్రపోనివ్వలేదు. తర్వాత ఆఫీసులో నేను చేసిన ఒక పనిని గుర్తుచేసి ఇంకొన్ని రాత్రులు కూడా.

శనివారం సంగతి ముందు చెప్తాను. బెంగళూరులో మా ఇంట్లో ఒక పాత కంప్యూటరు మీద మూడు వర్చువల్ మెషీన్లు పెట్టాను. ఒకటి ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే ఫైర్‌వాల్, మిగతా రెండూ దాని వెనక ఉండే లినక్స్ మెషీన్లు. నంబరుతో పింగ్ కొడితే జవాబు టక్కున వస్తోంది. పేజీ మాత్రం తెరుచుకోదు. దారి ఉంది, తలుపు ఉంది, కొడితే పలుకుతున్నారు, లోపలికి మాత్రం రానివ్వట్లేదు. పంపే మెషీన్ మీద ప్యాకెట్లు పట్టి చూస్తే ప్రతి దాని పక్కనా ఒకటే మాట: చెక్‌సమ్ తప్పు.

చెక్‌సమ్ అంటే పెద్ద విద్యేం కాదు. ప్యాకెట్‌లో ఉన్నదాన్ని రెండేసి బైట్ల అంకెలుగా తీసుకుని కూడి, ఆ మొత్తం నుంచి తీసిన అంకెని ప్యాకెట్‌లోనే ఒక గడిలో రాస్తారు. అందుకున్నవాడు మళ్లీ కూడి చూసుకుంటాడు. సరిపోతే సరే, లేకపోతే పారేస్తాడు. సంచిలో ఎన్ని కాయలు పోశామో చీటీ రాసి లోపల పడేసినట్టు.

ఈ కూడికలు సెకనుకి లక్షల సార్లు చేయాలంటే ప్రాసెసర్‌కి బరువు. అందుకని ఆ పనిని నెట్‌వర్క్ కార్డుకి అప్పగిస్తారు. దీన్నే ఆఫ్‌లోడ్ అంటారు. కెర్నెల్ ఆ గడిలో చిరునామాలూ పొడవూ కలిపిన సగం లెక్క మాత్రం రాసి, "మిగతాది నువ్వు చూసుకో" అని ఒక గుర్తు పెట్టి కిందికి తోసేస్తుంది. కార్డు తీగ మీదికి పంపేముందు లెక్క పూర్తి చేస్తుంది. నేను ప్యాకెట్లు పట్టింది ఆ పూర్తికాకముందు. అందుకే అన్నీ తప్పులుగా కనిపించాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు, పని ఇంకా అవలేదు అంతే.

వర్చువల్ మెషీన్‌లో తమాషా ఏంటంటే, అక్కడ కార్డు ఉండదు. ఉన్నట్టు నటించే ఒక ప్రోగ్రాం ఉంటుంది. పంపేవాడూ అందుకునేవాడూ ఒకే కంప్యూటరులో ఉన్నప్పుడు ప్యాకెట్ ఏ తీగ మీదికీ వెళ్లదు, ఒక మెమరీ గది నుంచి ఇంకో గదికి మారుతుంది. ఇంట్లో వంటింటి నుంచి హాల్లోకి ఇచ్చే చీటీకి స్టాంపు ఎవరంటిస్తారు? కాబట్టి ఆ లెక్క ఎవరూ పూర్తి చేయరు. "ఇది సగం లెక్కే, కంగారు పడొద్దు" అన్న గుర్తు మాత్రం ప్యాకెట్‌తో పాటు వెళ్తుంది. ఆ గుర్తు చదవడం వచ్చినవాడికి ఇబ్బంది లేదు. నా ఫైర్‌వాల్ గుర్తు సంగతి పట్టించుకోకుండా గడి చూసి, లెక్క తప్పిందని పారేస్తోంది. పింగ్ చెక్‌సమ్‌ని పంపేవాడే స్వయంగా కడతాడు కాబట్టి అదొక్కటీ బతికి బయటపడుతోంది. ఫైర్‌వాల్‌లో చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపేసి, లినక్స్ వైపు ఎథ్‌టూల్‌తో అదే పని చేసేసరికి పేజీలు తెరుచుకున్నాయి. అప్పటికి తెల్లవారుజామున నాలుగైంది.

నిద్ర రాక కెర్నెల్ కోడ్ తెరిచాను. లినక్స్ ప్రతి ప్యాకెట్ మీదా చెక్‌సమ్ పరిస్థితిని నాలుగు మాటల్లో ఒకదానితో గుర్తుపెట్టుకుంటుంది. వాటిని మన భాషలోకి తెచ్చుకుంటే ఇలా ఉంటాయి. ఒకటి, "నన్: ఎవరూ చూడలేదు, నువ్వే చూసుకో." రెండు, "పార్షియల్: సగం చేశాను, మిగతాది ముందున్నవాడి పని." మూడు, "కంప్లీట్: నేను మొత్తం కూడాను, ఇదిగో అంకె, సరిపోయిందో లేదో నువ్వే తేల్చుకో." నాలుగు, "అన్‌నెసెసరీ: చూడక్కర్లేదు."

మొదటి మూడూ చదువుతుంటే భలే ముచ్చటేసింది. మనుషుల్లో ఇంత నిజాయితీగా మాట్లాడేవాళ్లు ఎంతమంది? "నేను చూళ్లేదు" అని ఒప్పుకోవడం, "సగమే చేశాను" అని చెప్పడం, "నా లెక్క ఇది, నిర్ణయం నీది" అనడం. నాలుగోది అవసరమైనదే, అది లేకపోతే ఏ పనీ సాగదు. కాకపోతే అది మిగతా మూడింటిలాంటిది కాదు. మిగతావి జరిగిన పని గురించో, జరగని పని గురించో చెప్తాయి. ఇది మాత్రం ఎదుటివాడు ఇక ఏం చేయనక్కర్లేదో చెప్తుంది.

ఆ మాట ఎంత పని చేస్తుందో 2016 మొదట్లో బయటపడ్డ ఒక బగ్ చూపించింది. ట్విటర్‌లో ఒక నెట్‌వర్క్ పరికరం పాడై ప్యాకెట్ల లోపలి డేటాని చెడగొడుతోంది. మామూలుగా అయితే చెక్‌సమ్ పట్టుకోవాలి. కానీ కంటెయినర్లలో నడిచే ప్రోగ్రాములకి ఆ చెడిన డేటా శుభ్రంగా చేరిపోయింది. కారణం వెత్ అనే చిన్న డ్రైవర్, కంటెయినర్‌ని బయటి ప్రపంచంతో కలిపే ఊహా తీగ. దాని మీదుగా వచ్చేవన్నీ ఒకే కంప్యూటరులో పుట్టినవే అన్న నమ్మకంతో, "ఎవరూ చూడలేదు" అన్న గుర్తుతో వచ్చిన ప్యాకెట్ల మీద అది "చూడక్కర్లేదు" అన్న గుర్తు వేసేది. నిజానికి వాటిలో కొన్ని బయట నుంచి వచ్చినవి. నిజమైన కార్డు లెక్క సరిపోలేదని వదిలేసినవి కూడా అందులో ఉన్నాయి. ఆ దిద్దుబాటు కొన్ని వరుసలు తీసేయడమే. ఏళ్ల తరబడి ఎవరూ గమనించలేదు.

వెత్ అబద్ధమాడిందా? ఇక్కడే నాకు నీతి ప్రశ్న మొదలైంది. అది కావాలని మోసం చేయలేదు. దాన్ని రాసినప్పుడు ఆ నమ్మకం నిజమే. తర్వాత దారులు మారాయి, బయటివాళ్లు కూడా ఆ దారిన రావడం మొదలైంది, గుర్తు మాత్రం పాతదే పడుతూ ఉంది. "నేను చూడలేదు" అన్నదాన్ని "చూడక్కర్లేదు" అని మార్చడానికి దురుద్దేశం అక్కర్లేదు. అలవాటు చాలు.

ఇప్పుడు ఆఫీసు సంగతి. మా టీమ్ ఒక జీతాల సాఫ్ట్‌వేర్‌లో హాజరు నుంచి గంటలు లెక్కగట్టే భాగం చూసేది. రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుల గంటలు కూడా అందులో పడేవి. ఒక మార్పు వచ్చింది, నేను చూడాలి. అప్పటికే ఒక సీనియర్ సరే అన్నాడు. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. నేనూ సరే కొట్టాను. చదివానా అంటే, తెరిచాను. కిందిదాకా జరిపాను. ఆయన చూశాడు కదా అనుకున్నాను. టెస్టులు పాసయ్యాయి కదా అని ఆయన అనుకున్నాడని తర్వాత తెలిసింది. టెస్టుల్లో నెల మారే రాత్రి లేదు.

నెలాఖరు రాత్రి పది గంటలకి డ్యూటీ ఎక్కి పొద్దున ఆరింటికి దిగినవాడికి, అర్ధరాత్రి దాటాక చేసిన ఆరు గంటలు ఏ నెలలోనూ పడట్లేదు. ఒక గార్డు ఫిర్యాదు రాశాడు, ఒకే వాక్యం: గంటలు తక్కువ వేశారు. సపోర్టువాళ్లు రిపోర్టులో మొత్తాన్నీ బ్యాంకుకి పోయిన ఫైల్లో మొత్తాన్నీ పోల్చి సరిపోయిందన్నారు. మళ్లీ రాశాడు. ఈసారి నా దాకా వచ్చింది. నేనూ ఆ రెండు అంకెలే పోల్చాను. "సరిచూశాం, లెక్క సరిగ్గానే ఉంది" అని రాసి మూసేశాను. రెండు అంకెలూ ఒకే తప్పు కూడిక నుంచి పుట్టినవి. కవలపిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి ఒకేలా ఉన్నారు కాబట్టి ఇద్దరూ మంచివాళ్లే అన్నట్టుంది నా తనిఖీ.

మూడోసారి అతను తన నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపాడు. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, బాల్ పెన్నుతో. అప్పుడు కూర్చుని కూడాను. నాలుగు నెలల్లో మూడు నెలాఖరు రాత్రులు అతను డ్యూటీలో ఉన్నాడు. పద్దెనిమిది గంటలు.

1984లో ఎమ్ఐటీకి చెందిన సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు ఎండ్ టు ఎండ్ వాదన పేరుతో ఒక వ్యాసం అచ్చువేశారు. నెట్‌వర్కు పనివాళ్లకి అది దాదాపు పాఠ్యపుస్తకం. అందులో వాళ్ల క్యాంపస్‌లోనే జరిగిన ముచ్చటొకటుంది. మధ్యలో ప్రతి అంచెలోనూ చెక్‌సమ్ ఉంది కాబట్టి డేటా భద్రమేనని ప్రోగ్రాములు రాసేవాళ్లు నమ్మారు. తీగల మీద భద్రమే. కానీ ఒక గేట్‌వే కంప్యూటరు, అందుకున్నదాన్ని పంపే చోటికి కాపీ చేసేటప్పుడు, సుమారు పది లక్షల బైట్లకి ఒకసారి పక్కపక్క బైట్లని తారుమారు చేసేది. ప్రతి తీగా నిజాయితీగా తన లెక్క తాను చూసుకుంది. పాడైంది తీగకీ తీగకీ మధ్య. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ ఫైళ్లు ఆ దారిలో పదేపదే వెళ్లి వచ్చి చెడిపోయాయి. పాత ప్రింటు కాగితాలు పక్కన పెట్టుకుని చేత్తో దిద్దుకోవాల్సి వచ్చింది. ఇదంతా పాతకాలం గోల అనుకోవడానికీ లేదు. 2000లో స్టోన్, పార్ట్రిడ్జ్ అనే ఇద్దరు అసలు నెట్‌వర్కుల మీద కొలిచి చూస్తే, కింది అంచె తనిఖీ దాటివచ్చిన ప్యాకెట్లలో 1,100కి ఒకటి నుంచి 32,000కి ఒకటి దాకా టీసీపీ చెక్‌సమ్ దగ్గర పట్టుబడ్డాయి.

ఆ ముగ్గురూ చెప్పింది ఇది: మధ్యలో ఎన్ని తనిఖీలు పెట్టుకున్నా అవి వేగం కోసమే. సరిగ్గా చేరిందా లేదా అన్నది తేల్చగలిగింది రెండు చివర్లలో ఉన్నవాళ్లే.

ఈ మాట నేను ఇంజనీరింగ్‌లో చదివి పరీక్ష రాశాను. కానీ దాన్ని కళ్లతో చూసింది అంతకుముందే, మా జిల్లాలో. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మా అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి నుంచి. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. మా వైపు దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, కరువు పని అంటారు. గ్రామసభే పనుల మీద సామాజిక తనిఖీ చేయాలని ఆ చట్టం పదిహేడో సెక్షన్ చెప్పింది. 1990ల్లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మస్టర్లని ఊరి నడుమ బయటికి చదివిన పద్ధతే దానికి ముందుమాట. ఆంధ్రప్రదేశ్ ఆ పనిని 2006 నుంచే పట్టుకుంది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది.

తనిఖీ అంటే నేను ఊహించుకున్నది జీపు, ఫైళ్లు, సంతకాలు. ఒక పల్లెలో నేను చూసింది అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లు. కూలీల ఇళ్ల పిల్లలే. చేతిలో మస్టరు కాగితాలు. ఇంటింటికీ వెళ్లి అడగడం: "అవ్వా, ఈ వారం ఆరు దినాలు పోయినావంట, నిజమేనా? దుడ్లు ఎంత వచ్చె?" తర్వాత అందరి ముందూ పైకి చదవడం. మస్టరు మీద అప్పటికే ఎన్నో సంతకాలుంటాయి. కొలతలు వేసినవాళ్లవి, కొలతలు సరిచూసినవాళ్లవి, డబ్బు విడుదల చేసినవాళ్లవి. ప్రతి సంతకమూ ముందు సంతకంతో సరిపోతుంది. చనిపోయినవాళ్లూ వలసపోయినవాళ్లూ మస్టర్లలో పనిచేసిన సంగతి దేశంలో ఎన్నో చోట్ల బయటపడింది ఆ సంతకాలు చూసి కాదు, ఇంటి ముందు నిలబడి అడిగినందువల్ల. ఎండ్ టు ఎండ్ వాదన అంటే అదే. చదువురాని అవ్వని చివరి మెషీన్‌గా గుర్తించడం.

దీనికి ఎదురువాదం ఉంది, అది తేలికైనది కాదు. అన్నీ అందరూ సరిచూసుకుంటూ కూర్చుంటే పని ఎప్పుడు జరుగుతుంది? ఆఫ్‌లోడ్ కట్టేశాక నా పాత కంప్యూటరు మీద బరువు పెరిగింది. అరవై నాలుగు కిలోబైట్ల ముక్కని ఒకేసారి కార్డుకి అప్పగించి కోయించుకునే సౌకర్యం కూడా కట్టేస్తే ఇంకా ఆయాసపడుతుంది. మనుషుల మధ్య కూడా అంతే. మందుల షాపులో మాత్రని, బస్సు డ్రైవర్‌ని, పిల్లవాడి టీచర్‌ని నమ్మకుండా ఒక్కరోజు గడవదు. పని పంచుకోవడాన్ని తప్పు పట్టే నీతి ఎవరికీ ఉపయోగపడదు. పైగా తనిఖీ మీద తనిఖీ పెంచితే ఆ బరువు ఎప్పుడూ కిందివాళ్ల మీదే పడుతుంది. 2023 జనవరి 1 నుంచి కరువు పనికి హాజరు యాప్‌లో, రోజుకి రెండుసార్లు ఫోటోతో వేయడం తప్పనిసరి చేశారు. పని చోట సిగ్నల్ లేకపోయినా రుజువు చేసుకోవాల్సి వచ్చింది కూలీయే. అలా చేశాక కూడా, పనికి సంబంధం లేని ఫోటోలూ ఫోటోకి తీసిన ఫోటోలూ ఎక్కుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసింది. మధ్యలో ఇంకో చెక్‌సమ్ చేరింది. డబ్బు అందిందా అని అవ్వని అడిగింది మాత్రం లేదు.

మరి ఎక్కడ నమ్మాలి, ఎక్కడ చూసుకోవాలి? దీనికి జవాబు నాకు వ్యాసాల్లో కంటే మా అవ్వ దగ్గర దొరికింది. విత్తనం శెనక్కాయలు సంచీల్లో వచ్చేవి, నాణ్యత చూశామని చీటీ కుట్టి. అవ్వ ఆ చీటీని చింపేది కాదు, తిట్టేది కాదు. నూరు విత్తనాలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టలో వరసగా పరిచి, చుట్టి మూల పెట్టేది. నాలుగైదు దినాలకి విప్పి మొలకలు లెక్కపెట్టేది. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, చీటీ ఉంది కదా అవ్వా అని. "చీటీ మొలుస్తాదేమిరా?" అంది. కాసేపాగి, "వాళ్ల మింద అనుమానం కాదు నాయనా. మనకి వాన ఒగసారే వచ్చేది."

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా అది. పదునైన ఒక్క వానకి విత్తనం వేస్తే, మొలవకపోతే రెండో అవకాశం ఉండదు. చీటీ రాసినవాడికి అది నూట్లో ఒక సంచి. అవ్వకి ఆ ఏడాది. కాబట్టి ఆమె పరీక్ష నమ్మకానికి వ్యతిరేకం కాదు. తప్పు జరిగితే మూల్యం తనదే అని తెలిసినవాళ్లు చేసుకునే పని అది. బస్సు డ్రైవర్‌ని నమ్మడంలో అతనూ నాతోపాటే ఆ బస్సులో ఉంటాడు. జీతాల మార్పుకి సరే కొట్టినప్పుడు నేను ఆ బస్సులో లేను. నా ఖాతాలో ఒక్క రూపాయి తగ్గదు.

నాకు తేలింది ఇంతే. పని ఎవరికైనా అప్పగించొచ్చు. కానీ నష్టం ఎవరి మీద పడుతుందో వాళ్లకి "చూడక్కర్లేదు" అని చెప్పే హక్కు మధ్యలో ఉన్నవాళ్లకి లేదు. వాళ్లు తాము చూసి చెప్పిన దాన్ని, మన మధ్యలో సరిపోయిన అంకెలు చూపించి కొట్టేసే హక్కు అసలే లేదు. నేను చదవకుండా సరే కొట్టడం సోమరితనం, దాన్ని క్షమించుకోగలను. అతను రెండోసారి రాసినప్పుడు "సరిచూశాం" అని రాయడం వేరే. అక్కడ నేను వెత్ చేసిన పనే చేశాను. చివర్లో ఉన్న మనిషి లెక్క తప్పిందని చెప్తుంటే, దాని మీద చూడక్కర్లేదన్న గుర్తు వేసి పంపేశాను. వెత్‌కి తెలియదు. నాకు తెలుసుకునే వీలుంది.

కోడ్ దిద్దాం. అతనొక్కడికే కాదు, నెలాఖరు రాత్రులు చేసిన అందరికీ గంటలు తిరిగి లెక్కకట్టాం. టికెట్ మూసేటప్పుడు "సరిచూశాం" అన్న ఒక్క మాట రాయడం మా టీమ్‌లో మాన్పించాను. దేన్ని దేనితో పోల్చారు, ఏది చూడలేదు అన్న రెండు గడులు పెట్టించాను. మొదట్లో అందరూ విసుక్కున్నారు. రెండో గడి నింపడం కష్టమని ఇప్పటికీ అంటారు. నాకూ కష్టమే.

బ్యాంకు ఫైలు వెళ్లిన వారానికి అతనికి ఫోన్ చేశాను. ఫైల్లో మూడు నెలల బకాయి వెళ్లినట్టుంది. రెండు అంకెలూ సరిపోయాయి. అయినా అడిగాను, పడ్డాయా అన్నా అని.

"ఉండండి సార్," అన్నాడు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "బుక్కు చూసి చెప్తా."